పిట్టమిరప: జమా ఎంత, ఖర్చు ఎంత?

అదియమాన్‌కోట్టైలో మా అక్కయ్య వాళ్ల పెరట్లో, బావి గట్టు పక్కన ఒక మిరపమొక్క ఉంది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎరువు వేయలేదు. ఏ పిట్టో ఎక్కడో పండు తిని వచ్చి అక్కడ వాలి విత్తనం వదిలింది. అది మొలిచి నడుమెత్తు పెరిగి నాలుగేళ్లుగా కాస్తూనే ఉంది. కాయలు వేలి గోరంత ఉంటాయి. మామూలు మిరపకాయల్లా కిందికి వేలాడవు, ఆకాశం వైపు నిక్కి నిలబడతాయి. పండితే నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయి. తెల్లవారకముందే పికిలిపిట్టలు వచ్చి వాలతాయి. "వాటి వాటా పోగా మిగిలిందే మనది" అంటుంది మా అక్కయ్య.

మా ఇళ్లలో దీన్ని పిట్టమిరప అంటాం. కొందరు సూదిమిరప అంటారు. ఇక్కడి తమిళులకు ఇది ఊసి మిళగాయ్, మలయాళీలకు కాంతారి ముళగు, కన్నడిగులకు సూజి మెణసు. ఇంగ్లీషువాళ్లు బర్డ్స్ ఐ చిల్లీ అన్నారు. పేరు ఏదైనా అది అడవిలో, కంచెల్లో, పెరళ్లలో తనంత తాను పెరిగే మిరప. దీన్ని గురించి మన పత్రికలో రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, కామర్స్ చదివి ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్కలు చూసిన నాకు వైద్యం సంగతులు ఎందుకు అనుకున్నాను. కానీ ఈ మొక్క విషయంలో నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు మరొకరు చేయకూడదని కలం పట్టాను.

మిరియం ఇచ్చిన పేరు

మొదట కొంచెం చరిత్ర. మనవాళ్లకు మిరపకాయ లేని వంటిల్లు ఊహకు అందదు. కానీ అది మన దేశానికి వచ్చి అయిదు వందల ఏళ్లు మాత్రమే. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాల ప్రజలు ఆరు వేల సంవత్సరాలకు పైగా మిరపను వాడుతున్నారు. 1492లో కొలంబస్ అక్కడికి చేరాడు. 1498లో వాస్కో డ గామా మన కాలికట్ తీరానికి వచ్చాడు. ఆ తర్వాత పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో పాటు మిరప మన రేవుల్లో దిగింది.

అంతకు ముందు మన కారం అంతా మిరియాలు, పిప్పళ్లు, శొంఠి. ఈ మూడింటినీ కలిపి ఆయుర్వేదం త్రికటు అన్నది. చరకుడికీ సుశ్రుతుడికీ మిరపకాయ తెలియదు. కొత్తగా వచ్చిన కాయకు మనవాళ్లు పాత కారం పేరే తగిలించారు. మిరియం నుంచి మిరప వచ్చింది. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్ వచ్చింది. కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి వచ్చింది. మూడు భాషలవాళ్లూ ఒకే పని చేశారు చూడండి!

అదియమాన్‌కోట్టై పేరులోనే ఉన్న అదియమాన్ నెడుమాన్ అంజి సంగం కాలపు రాజు. ఈ ధర్మపురికి అప్పటి పేరు తగడూరు. దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా ఆ రాజు అవ్వయ్యార్‌కు ఇచ్చాడన్న కథ ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. పురనానూరులో 91వ పాట ఆ సందర్భంలోదే. ఆ రాజు వంటశాలలో మిరపకాయ లేదు. కారం కావాలంటే మిరియమే. ఈనాడు అదే ఊరి కాలభైరవుడి గుడిలో బహుళాష్టమినాడు జనం బూడిదగుమ్మడికాయలో దీపం వెలిగిస్తారు. ఎండుమిరపకాయలు, మిరియాలు హోమంలో వేస్తారు. రెండు వేల ఏళ్ల నాటి మిరియం, నిన్న మొన్న వచ్చిన మిరప ఇప్పుడు ఒకే అగ్నిలో పడుతున్నాయి. అంతగా మనదైపోయింది మిరప.

పిట్టకు ఎందుకు మండదు?

మిరపలోని ఘాటుకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం. అది గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజలను పట్టుకుని ఉండే లోపలి తెల్లటి పొరలో ఎక్కువగా ఉంటుంది. దీని ఘాటును కొలవడానికి 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోవాలి. రుచి చూసేవాళ్లకు ఇక మంట తెలియడం లేదు అనే వరకూ ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో ఆ సంఖ్యే దాని ఘాటు. మన గుంటూరు సన్నం 35 వేల నుంచి 40 వేల దాకా తూగుతుంది. ఈ పిట్టమిరప 50 వేల నుంచి లక్ష దాకా వెళ్తుంది. గోరంత కాయకు అంత పొగరు!

మరి అంత కారాన్ని పిట్టలు ఎలా తింటున్నాయి? మన నోటిలో, చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మేలుకుని మెదడుకు కబురు పంపుతుంది. కాప్సైసిన్ తగిలినా అది మేలుకుంటుంది. నోరు కాలకపోయినా కాలినట్టు అనిపించేది అందుకే. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ గ్రాహకాన్ని గుర్తించింది. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో ఈ గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. అందుకే చిలకకు మిరపపండు పెడితే జామపండులా తింటుంది.

ఇందులో మొక్కకూ లాభం ఉంది. ఎలుకల్లాంటి జంతువులు తింటే గింజలు పళ్ల కింద నలిగిపోతాయి. పిట్టలు మింగితే గింజ చెక్కుచెదరకుండా బయటపడి దూరంగా మొలుస్తుంది. అమెరికాలోని అడవి మిరప మీద చేసిన పరిశోధన ఈ సంగతి తేల్చి 2001లో ప్రకటించింది. ఆ అడవి మిరపను అక్కడ చిల్టెపిన్ అంటారు. టెక్సాస్ రాష్ట్రం 1997లో దాన్ని తన అధికారిక స్థానిక మిరపగా ప్రకటించుకుంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్న మన పిల్లలు వెతికితే మన పిట్టమిరపకు వరసైన చుట్టం అక్కడి కంచెల్లోనే కనబడుతుంది.

అవ్వల కాలం వాడకం

మా చిన్నతనంలో అవ్వ తెల్లవారుజామునే రోట్లో పచ్చడి నూరేది. పది చిన్న ఉల్లిపాయలు, నాలుగైదు పిట్టమిరపకాయలు, చిటికెడు ఉప్పు, కాస్త చింతపండు కచ్చాపచ్చాగా నూరి పైన పచ్చినూనె ఒక చెంచా వేసేది. రాగి సంకటి ముద్దలో గుంట చేసి అందులో ఈ పచ్చడి పెట్టుకుని తింటే చెమటలు పట్టేవి, ఆకలి తీరేది. పొలానికి వెళ్లేవాళ్లు సద్ది గిన్నెతో పాటు ఒక ఉల్లిపాయ, రెండు పిట్టమిరపకాయలు మూటగట్టుకునేవారు. కూర అవసరం లేదు. పేదవాడి వంటింటికి ఈ మొక్క చేసిన సాయం ఇంతా అంతా కాదు.

పుల్లని చిక్కటి మజ్జిగలో ఉప్పు వేసి రాత్రంతా కాయలు నానబెట్టి, పగలు ఎండబెట్టి, మళ్లీ అదే మజ్జిగలో వేస్తూ నాలుగు రోజులు చేస్తే చల్లమిరపకాయలు తయారు. నూనెలో వేయించి పెరుగన్నంలో నంజుకుంటే ఏడాదంతా సరిపోతాయి. కేరళలో కాంతారిని కొబ్బరినూనె, చిన్న ఉల్లిపాయలతో నూరి ఉడికించిన కర్రపెండలంతో తింటారు. ఈశాన్యంలో మిజోరం వాళ్ల చిన్న మిరప ఇదే తరహాది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

జలుబు చేసి ముక్కు బిగిస్తే అవ్వ వేడి చారులో ఒక కాయ చిదిపి వేసేది. ముక్కు కారి తల తేలికపడేది. జలుబు తగ్గినట్టు కాదు గానీ ఆ పూటకు ఊపిరి ఆడేది. పిల్లలకు దిష్టి తీసి మిరపకాయలు నిప్పులో వేయడం సరేసరి.

నేను చేసిన తప్పు

ఇక అసలు విషయానికి వస్తాను. మా బావగారికి కొన్నేళ్ల క్రితం స్వల్పంగా గుండెపోటు వచ్చింది. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర రాసి, దాన్ని మానకూడదన్నారు. రెండేళ్లు బాగానే వాడారు. చెడు కొలెస్ట్రాల్ 104కు దిగింది. ఆ రోజుల్లో నా ఫోనులోకి వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. రోజూ పరగడుపున పది కాంతారి మిరపకాయలు మజ్జిగలో నానబెట్టి తింటే గుండె నాళాలు శుభ్రమవుతాయని, మాత్రలతో పనిలేదని దాని సారాంశం. అక్కయ్య పెరట్లో ఆ మొక్కే ఉంది కదా అని నేను క్షణం ఆలోచించకుండా పంపేశాను.

బావగారికి మాత్రలంటే మొదటినుంచీ విసుగు. నా సందేశం ఆయనకు మంచి సాకు దొరికినట్టయింది. మాత్ర మానేసి అయిదు నెలలు ప్రతి ఉదయం పది కాయలు మింగారు. కడుపులో మంట వస్తే పని చేస్తోందనుకున్నారు. ఒకనాడు తెల్లవారుజామున బావి దగ్గర గుండె పట్టేసినట్టయి కూలబడిపోయారు. సమయానికి సేలంలో ఆసుపత్రికి చేర్చగలిగాం. నాళంలో స్టెంటు వేసి ప్రాణం నిలబెట్టారు. రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ 181 ఉంది.

డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. "మిరపకాయ మీద నాకు కోపం లేదండీ. ఆయన మాత్ర మానినందుకే నా బాధ" అన్నారు. నన్ను ఎక్కువగా బాధించింది మాత్రం అక్కయ్య మాట. ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చుని, కోపం లేకుండా, "నువ్వు పంపింది కదరా! బ్యాంకులో ఉన్నవాడివి, చూడకుండా పంపవు అనుకున్నాం" అంది.

నిజమే. పదివేల రూపాయల అప్పు ఇవ్వడానికి నేను పట్టా చూస్తాను, పూచీ అడుగుతాను, సంతకం సరిపోల్చుకుంటాను. మా బావగారి ప్రాణానికి సంబంధించిన కాగితాన్ని మాత్రం ఎవరు రాశారో కూడా చూడకుండా ముందుకు తోశాను. ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. అలా తేలిన లెక్కే ఇది.

జమ వైపు

మిరపలో సి విటమిన్ బాగా ఉంది. ఆ విటమిన్ కథలోనే మిరపకు చోటుంది. హంగేరీలోని సెగెడ్‌లో సెంట్-జార్జీ అనే శాస్త్రజ్ఞుడు ఒక రాత్రి భోజనంలో వడ్డించిన పాప్రికా మిరపను తినాలనిపించక ప్రయోగశాలకు తీసుకెళ్లాడట. అందులోంచి సి విటమిన్ పుష్కలంగా తీయగలిగాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వంద గ్రాముల పచ్చిమిరపలో సుమారు 240 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది.

అయితే వంద గ్రాములు ఎవరు తింటారు? నగల కొట్టులో ఉన్న చిన్న కాటాలో పది పిట్టమిరపకాయలు తూచి చూశాను. మూడు గ్రాములు కూడా రాలేదు. అంటే దక్కేది ఏడు మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 80 మిల్లీగ్రాములు కావాలి. ఒక పెద్ద ఉసిరికాయ తింటే ఆ రోజుకు సరిపోతుంది. అదియమాన్ అవ్వయ్యార్‌కు సరైన కాయే ఇచ్చాడు!

నొప్పి విషయంలో కాప్సైసిన్ మేలు గట్టిగా రుజువైంది. చర్మం మీద పదేపదే రాస్తే నొప్పి కబురు మోసే నరాలు కొంతకాలం మొద్దుబారతాయి. కీళ్లనొప్పులకు కాప్సైసిన్ కలిపిన పూతమందులు ఉన్నాయి. అక్కి లేచి తగ్గిన తర్వాత మిగిలే నరాల నొప్పికి 8 శాతం కాప్సైసిన్ ఉన్న పట్టీని 2009లో అమెరికా అనుమతించింది. దాన్ని వైద్యుల చేతుల మీదుగానే వేస్తారు. ఇంట్లో కాయ నూరి మోకాలికి పట్టు వేస్తే చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ పని చేయకండి.

ఆయుష్షు మాటకొస్తే, చైనాలో దాదాపు 4 లక్షల 87 వేల మందిని కొన్నేళ్లు గమనించి 2015లో ఫలితం ప్రకటించారు. వారానికి ఆరేడు రోజులు కారం తినేవారిలో మరణాలు 14 శాతం తక్కువగా కనిపించాయి. ఇటలీలో 22,811 మందిని గమనించిన అధ్యయనం 2019లో వచ్చింది. అక్కడ వారానికి నాలుగుసార్ల కంటే ఎక్కువ మిరప తినేవారిలో 23 శాతం తక్కువ. సంతోషించదగ్గ సంగతే. కానీ ఇవి గమనించి చెప్పినవి, మందు ఇచ్చి పరీక్షించినవి కావు. కారం తినేవాళ్లు ఇంకేం తింటున్నారో, ఎంత కష్టపడుతున్నారో, ఆ మేలు దేని వల్లో విడదీయడం కష్టం.

ఖర్చు వైపు

కొలెస్ట్రాల్ మాట ఎక్కడ నుంచి వచ్చింది? మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కాప్సైసిన్ కొలెస్ట్రాల్‌ను తగ్గించిన మాట నిజం. మనుషుల మీద మాత్రం గుండెజబ్బు మాత్రకు బదులుగా మిరపకాయ నిలుస్తుందని తేల్చిన పరీక్ష లేదు. మాత్రకు ఉన్న సాక్ష్యం చూడండి. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. సగం మందికి సిమ్వస్టాటిన్ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అయిదేళ్లకు పైగా చూశారు. అసలు మాత్ర వేసుకున్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. బ్యాంకు భాషలో చెప్పాలంటే మాత్రకు రిజిస్టరైన దస్తావేజు ఉంది. మిరపకాయకు ఉన్నది నోటిమాట.

కడుపు సంగతి. మిరప వల్లే అల్సరు వస్తుందని మనం నమ్మేవాళ్లం. చాలా అల్సర్లకు హెలికోబాక్టర్ అనే బాక్టీరియా కారణమని బారీ మార్షల్, రాబిన్ వారెన్ నిరూపించారు. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. నొప్పి మాత్రలు మరో పెద్ద కారణం. అయినా ఛాతీలో మంట, పుల్లతేన్పులు ఉన్నవారికి, మొలలు, ఆసన పగుళ్లు ఉన్నవారికి ఈ కారం బాధ పెంచుతుంది. పరగడుపున మింగడం ఎవరికీ మంచిది కాదు.

కొన్ని జాగ్రత్తలు

నోరు మండితే నీళ్లు తాగకండి. కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నోరంతా పరుచుకుంటుంది. పాలు, పెరుగు, మజ్జిగ పుచ్చుకోండి. పాలలోని మాంసకృత్తి దాన్ని పట్టి లాగేస్తుంది. అవ్వ మజ్జిగలో నానబెట్టడం వెనుక అనుభవం ఇదే.

కాయలు కోసి చేతులు మండితే ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. కళ్లు నలుపుకోకండి. పసిపిల్లలకు అందేంత ఎత్తులో కుండీ పెట్టకండి. ఎర్రగా మెరిసే పండు వాళ్లను పిలుస్తుంది.

మొక్క పెంచడం తేలిక. పండిన కాయల గింజలు నీడలో ఆరబెట్టి చల్లండి. నీరు నిలవని మట్టి, కొంచెం నీడ, కొంచెం ఎండ చాలు. కొన్నేళ్లపాటు కాస్తుంది. చెన్నై, బెంగుళూరు అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లు బాల్కనీ కుండీలో కూడా పెంచవచ్చు. కాయలు కోయడానికే ఓపిక కావాలి. అందుకే బజారులో కిలో ధర వందల్లో పలుకుతుంది.

గుండె, రక్తపోటు, మధుమేహం మాత్రలు వాడుతున్నవారు ఏ ఆకు, ఏ కాయ మొదలుపెట్టినా డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి. మాత్ర మానాలంటే అది రాసినవారే మాన్పాలి.

మొన్న సంక్రాంతికి అదియమాన్‌కోట్టై వెళ్లాను. బావగారు ఉదయం మాత్ర వేసుకుని, గుడి దాకా నడిచి వచ్చారు. మధ్యాహ్నం అక్కయ్య రాగి సంకటి, పిట్టమిరప పచ్చడి వడ్డించింది. బావగారు గోరుతో తీసినంత పచ్చడి నంజుకుని, "బావా, ఇది మందు కాదులే, రుచి" అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ ముద్ద గొంతులో కాసేపు ఆగింది.

ఆ రోజు నుంచి నాకు ఏ ఆరోగ్య సందేశం వచ్చినా పంపేముందు ముగ్గురిని అడుగుతున్నాను. మన కుటుంబాలు ఊరికి ఊరికి దూరంగా ఉన్నాయి. మన భాషలో, మనవాడు పంపిన మాటను మనవాళ్లు కళ్లు మూసుకుని నమ్ముతారు. పాఠకులు కూడా ఈ ఒక్క అలవాటు చేసుకోవాలని నా మనవి. మీ పెరట్లో పిట్ట నాటిన మొక్క ఉంటే పీకేయకండి. కాయలు పచ్చడికి, పండ్లు పిట్టలకు వదలండి.